శాండర్స్ 2016 ప్రచార ఈమెయిళ్లు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికా సెనేటర్ బెర్నీ శాండర్స్ 2016, 2020 అధ్యక్ష ఎన్నికల ప్రచారాల్లో విద్యార్థి రుణాల గురించి ఏం చెప్పారో పోలుస్తున్నాను. ఎమ్మే ప్రాజెక్టు, ఈ నెలాఖరుకి ఇవ్వాలి. 2016లో ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు ఉండకూడదన్నారు, ఉన్న రుణాలపై వడ్డీ తగ్గిస్తామన్నారు. 2019 జూన్‌కి వచ్చేసరికి మొత్తం 1.6 ట్రిలియన్ డాలర్ల రుణం రద్దు! ఈ మార్పు మద్దతుదారులకు పంపిన మెయిళ్లలో ముందే కనిపించిందా అన్నది నా అసలు పాయింటు.

2019-20 మెటీరియల్‌తో ఇబ్బంది లేదు. వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీలను దాచే ఆర్కైవ్) 2015-16 నాటి ప్రచార సైటు పేజీలు చూశాను, కానీ మెయిళ్లు సైటులో పెట్టేవి కావు కదా. అమెరికన్ ప్రెసిడెన్సీ ప్రాజెక్ట్‌ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో ప్రసంగాలు, పత్రికా ప్రకటనలు దొరికాయి. యూట్యూబ్‌లో సభల వీడియోలకు కొదవే లేదు. విరాళాలు అడిగిన మెయిళ్లు మాత్రం వార్తల్లో అక్కడక్కడా ఒకటి రెండు వాక్యాలే ఉన్నాయి, చాలాచోట్ల తేదీ కూడా లేదు. స్క్రీన్‌షాట్లు ఇస్తే మా గైడ్ ఒప్పుకోరు (అదో టెన్షన్).

2015 మే నుంచి 2016 జూన్ వరకు ఆ ప్రచారం పంపిన ఈమెయిళ్లు పూర్తి పాఠంతో, తేదీలతో ఉచితంగా చదవగలిగే ఆర్కైవ్ ఏదైనా మీకు తెలుసా?