ట్యాబ్‌లో మెయిల్ యాప్ 7 జీబీ మింగింది: సర్వర్ కాపీ పోకుండా ఖాళీ చేయాలంటే ఐమ్యాప్ మేలా, పాప్ మేలా?

చిట్టిఅలమర:
ఆండ్రాయిడ్ ట్యాబ్, 32 జీబీది. సెట్టింగ్స్‌లో మెయిల్ యాప్ దగ్గర చూస్తే యాప్ 190 ఎంబీ, డేటా 6.8 జీబీ, కాష్ 240 ఎంబీ. అందులో రెండు ఖాతాలున్నాయి. సొంతది ఐమ్యాప్ (మెయిల్ సర్వర్‌లోనే ఉండి, ట్యాబ్ దానితో సింక్ అయ్యే పద్ధతి), ఆఫీసుది పాప్ (సర్వర్ నుంచి మెయిల్‌ను ట్యాబ్‌లోకి దించుకునే పద్ధతి). పాత మెయిల్స్ ట్యాబ్‌లో అక్కర్లేదు, కానీ సర్వర్‌లో ఒక్కటి కూడా పోకూడదు. ట్యాబ్‌లో డిలీట్ కొడితే సర్వర్‌లోనూ పోతుందని ఒకరు, పోదని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం?

తీగమనిషి:
ఖాతాని బట్టి రెండూ నిజమే. ఐమ్యాప్ ఖాతాలో ట్యాబ్ మీద డిలీట్ కొడితే సర్వర్ మీద కొట్టినట్టే. మెయిల్ సర్వర్‌లోని చెత్తబుట్టకు పోతుంది, లేదా దాని మీద తొలగింపు గుర్తు పడి, ఎక్స్‌పంజ్ ఆదేశం వెళ్లగానే మాయమవుతుంది. జీమెయిల్ చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, ఆ తర్వాత లేదు. కాబట్టి చోటు కోసం డిలీట్ బటన్ జోలికి పోకండి.

ముందు సింక్ తగ్గించండి. జీమెయిల్ యాప్ అయితే సెట్టింగ్స్, ఖాతా పేరు, అందులో ఎన్ని రోజుల మెయిల్ సింక్ చేయాలో అడిగే చోటు. మామూలుగా 30 ఉంటుంది, 7 చేయండి. అక్కడే వైఫైలో అటాచ్‌మెంట్లు వాటంతటవే దిగే టిక్కు ఉంటుంది, తీసేయండి. థండర్‌బర్డ్ మెయిల్ యాప్ (పాత పేరు కే-9) వాడుతుంటే ఒక్కో ఫోల్డర్‌లో ఎన్ని మెసేజ్‌లు ఉంచుకోవాలో అంకె పెట్టుకోవచ్చు. అంకె తగ్గించినంత మాత్రాన ఇప్పటికే దిగినదంతా అప్పటికప్పుడు ఖాళీ కాదు. అందుకని ట్యాబ్ సెట్టింగ్స్, యాప్స్, మెయిల్ యాప్, స్టోరేజ్, క్లియర్ స్టోరేజ్. కాష్ క్లియర్ చేస్తే మీకు దక్కేది 240 ఎంబీయే. అసలు బరువంతా డేటాలో ఉంది.

ఆఫీసు ఖాతాను కూడా ఐమ్యాప్‌కు మార్చేయండి, సర్వర్ సెట్టింగ్స్‌లో రాసే పోర్ట్ అంకె 993. పాప్‌కు కాలం చెల్లింది.

పాతమోడెమ్:
కాలం చెల్లడం సంగతి తర్వాత. అడిగినవారి ఆఫీసు మెయిల్‌ను ముంచే సలహా ఇచ్చారు మీరు. రెండు ఖాతాలూ ఒకే యాప్‌లో ఉన్నాయి. క్లియర్ స్టోరేజ్ ఖాతాని చూసి వదలదు, మొత్తం ఊడ్చేస్తుంది. పాప్ దించేది ఇన్‌బాక్స్ ఒక్కటే. పంపిన మెయిల్స్, డ్రాఫ్ట్‌లు, చేత్తో చేసుకున్న ఫోల్డర్లు ఆ ట్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా ఉండవు. జీమెయిల్ లాంటివి ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే పద్ధతి) ద్వారా వెళ్లిన మెయిల్‌ను తామే సెంట్‌లో దాస్తాయి. మామూలు ఆఫీసు సర్వర్ చాలాసార్లు దాయదు. ఇది చెప్పకుండా బటన్ నొక్కమంటారా?

చిట్టిఅలమర గారూ, పాప్ ఖాతాను పాప్‌గానే ఉంచండి. పోర్ట్ 995. ఇన్‌కమింగ్ సెట్టింగ్స్‌లో 'సర్వర్ నుంచి ఎప్పుడు తొలగించాలి' అన్న దగ్గర 'ఎప్పుడూ వద్దు' పెట్టండి. ఐప్యాడ్‌లో అయితే ఖాతా, అడ్వాన్స్‌డ్ లోపల ఉంటుంది. ఎప్పుడూ వద్దు, ఏడు రోజులకు, ఇన్‌బాక్స్ నుంచి తీసినప్పుడు అని మూడు దారులు. మొదటిది ఎంచుకున్నాక ట్యాబ్‌లో ఎన్ని డిలీట్ కొట్టినా సర్వర్‌కు తెలియను కూడా తెలియదు. మీరడిగింది సరిగ్గా ఇదే.

కోడికూత:
ఆర్కైవ్ కొడితే సరిపోదా? డిలీట్ కాదుగా.

తీగమనిషి:
@కోడికూత, ఆర్కైవ్ ఇన్‌బాక్స్‌లోంచి తీసి వేరే చోట పెడుతుంది, అంతే. ఆ వేరే చోటు కూడా సింక్ అవుతుంటే ట్యాబ్‌లో ఒక్క ఎంబీ తగ్గదు.

@పాతమోడెమ్, సెంట్ ఫోల్డర్ మాట సరే, క్లియర్ చేసేముందు చూసుకోవాలి. అవుట్‌బాక్స్‌లో ఇరుక్కున్న మెయిల్ ఉందేమో కూడా చూడాలి, అది ఐమ్యాప్‌లోనూ పోతుంది. కానీ మీ 'ఎప్పుడూ వద్దు' సంగతి సగమే చెప్పారు. పాప్ యాప్ ఏ మెయిల్ దించిందో గుర్తుంచుకునేది యూఐడీఎల్ చిట్టాతో. ఆ చిట్టా ట్యాబ్‌లోనే ఉంటుంది. యాప్ తీసి మళ్లీ పెట్టినా, ఖాతా తీసి మళ్లీ చేర్చినా చిట్టా సున్నా. సర్వర్‌లో వదిలేసిన ఏళ్లనాటి మెయిల్ అంతా మళ్లీ కొత్తదిలా దిగుతుంది. చోటు చేద్దామని మొదలుపెట్టి 6.8 జీబీ రెండోసారి దించుకుంటారు.

పాతమోడెమ్:
యాప్ తీయమని నేను అన్నానా? క్లియర్ స్టోరేజ్ నొక్కమన్నది మీరు. ట్యాబ్‌లో మామూలుగా డిలీట్ కొడితే చిట్టా చెక్కుచెదరదు.

తీగమనిషి:
వేల మెయిల్స్ చేత్తో ఏరి డిలీట్ కొట్టాలి, ఆ తర్వాత యాప్ చెత్తబుట్ట కూడా ఖాళీ చేయాలి, లేకపోతే చోటు అక్కడే ఉంటుంది. ఇదేనా మార్గం? పైగా చాలా యాప్‌లలో ఆ సెట్టింగ్ పేరు ఒక్కోలా ఉంటుంది, మొదట్లో ఉండే విలువ కూడా ఒక్కోలా ఉంటుంది. ఒక్క టిక్కు పొరపాటైతే అంతే సంగతులు.

పాతమోడెమ్:
టిక్కు చూసుకోలేనివారు ఐమ్యాప్‌లో డిలీట్ బటన్ జోలికి పోకుండా ఉంటారా? వేలు జారితే సర్వర్‌కే దెబ్బ. పాప్‌లో యాప్ డీలీ (తొలగించు) ఆదేశం పంపితేనే సర్వర్ ఆ మెయిల్ మీద తొలగింపు గుర్తు పెడుతుంది. క్విట్ (ముగించు) చెప్పాకే తీస్తుంది. పంపకపోతే తీయదు. పాప్ నియమాలు రాసి ఉన్న పత్రం, 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1939 చదువుకోండి.

వాననీరు:
ఇద్దరూ ఆగండి బాబూ. 6.8 జీబీలో మెయిల్ ఎంత, అటాచ్‌మెంట్లు ఎంత? అక్షరాలతో అంత బరువు రాదు. అటాచ్‌మెంట్ మెయిల్‌లో బేస్64 రూపంలో, అంటే మామూలు అక్షరాలుగా మారి వస్తుంది. మూడు బైట్లకు నాలుగు అక్షరాలు, లైను చివరలు కలుపుకుంటే 10 ఎంబీ ఫైలు దాదాపు 13.7 ఎంబీ అవుతుంది. తెరిచి సేవ్ చేస్తే డౌన్‌లోడ్స్‌లో ఇంకో 10 ఎంబీ. ఆ రెండోది మెయిల్ యాప్ లెక్కలోకి రాదు, ఏ క్లియర్ బటనూ దాన్ని తీయదు. ఫైల్స్ యాప్‌లో డౌన్‌లోడ్స్ తెరిచి సైజు వరసలో పెట్టి చూడండి. అక్కడ తీసినవాటి వల్ల సర్వర్‌కు ఏమీ కాదు, అది ఏ ఖాతా అయినా సరే.

తీగమనిషి:
@పాతమోడెమ్, ఆర్‌ఎఫ్‌సీ 1939 పేరెత్తారు కాబట్టి ఎనిమిదో సెక్షన్ కూడా చదవండి. సర్వర్‌లో మెయిల్ ఎన్నాళ్లుంచాలో సర్వర్ నడిపేవాళ్ల ఇష్టం అని అక్కడ స్పష్టంగా ఉంది. ఉదాహరణ కూడా ఇచ్చారు: చదవని మెయిల్ 60 రోజులకు, చదివింది 7 రోజులకు తీసేయవచ్చు. ఒకసారి దించగానే తీసేసే పద్ధతినీ ఒప్పుకుంది. అంటే మీ యాప్ డీలీ పంపకపోయినా సర్వర్ తీసేయగలదు. 'సర్వర్‌కు తెలియను కూడా తెలియదు' అన్న మాట అక్కడే కూలిపోయింది.

పాతమోడెమ్:
కూలింది నా మాట కాదు, మీ నమ్మకం! సర్వర్ తనంతట తాను తీసేయగలదని ఇప్పుడు మీరే ఒప్పుకున్నారు. ఆఫీసు సర్వర్లలో గడువు దాటిన మెయిల్ తుడిచేసే నియమం ఎంత మామూలో తెలియదా? మా ఆఫీసులోనూ అదే, ముందుగా ఒక్క మాట చెప్పే పద్ధతి కూడా లేదు. ఐమ్యాప్ అయితే సర్వర్‌లో పోయిన మరుక్షణం, అంటే తర్వాతి సింక్‌లో, ట్యాబ్‌లోంచి కూడా పోతుంది. అదే పాప్ అయితే దిగింది దిగినట్టే ఉంటుంది. మీరేమో ట్యాబ్‌లో ఉన్నదంతా ఊడ్చి సర్వర్‌ను నమ్ముకోమంటారు.

తీగమనిషి:
ఓహో, అదా సంగతి. మొదటి నుంచీ మీ వాదన చోటు గురించి కాదన్నమాట. మీ దృష్టిలో ట్యాబ్‌లోదే అసలు కాపీ, సర్వర్‌లోది అదనం. నాకు సర్వర్‌లోదే అసలు, ట్యాబ్ చూసుకోవడానికి ఒక కిటికీ. ట్యాబ్ కింద పడి పగిలితే మీ 'అసలు' ఎక్కడుంటుంది?

పాతమోడెమ్:
సర్వర్ తుడిచేస్తే మీ 'అసలు' ఎక్కడుంటుంది?

వాననీరు:
రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే, మూడో చోట కాపీ. అది లేకుండా ఏ బటన్ నొక్కినా జూదమే. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ పెట్టి రెండు ఖాతాలూ ఐమ్యాప్‌గా చేర్చండి. ఫోల్డర్ తెరిచి, అన్నీ ఎంచుకుని, 'కాపీ' ద్వారా లోకల్ ఫోల్డర్స్‌లోకి (కంప్యూటర్‌లోనే ఉండేవి) పంపండి. 'మూవ్' వద్దు. మూవ్ అంటే అక్కడ పెట్టి ఇక్కడ తీసేయడం, సర్వర్ కాపీ పోతుంది. ఒకేసారి వేలల్లో పంపితే మధ్యలో ఆగిపోతుంటుంది. ఏడాదికో ఫోల్డర్ చేసి పంపి, రెండు వైపులా లెక్క సరిపోయిందో చూడండి. జీమెయిల్ అయితే గూగుల్ టేకవుట్ మొత్తం మెయిల్‌ను ఎంబాక్స్ ఫైలుగా (మెయిల్స్ అన్నీ ఒకే ఫైలులో ఉండే రూపం) ఇస్తుంది.

చిట్టిఅలమర:
థాంక్స్ అందరికీ. ఆఫీసు సర్వర్ 993 ఇస్తోంది, కంప్యూటర్‌లో చేరింది. కానీ అందులో సెంట్ ఖాళీగా ఉంది. ట్యాబ్‌లోని పాప్ ఖాతా సెంట్‌లో మాత్రం అన్నీ ఉన్నాయి. వాటిని ఎలా ఎక్కించాలి?

పాతమోడెమ్:
చూశారా. క్లియర్ స్టోరేజ్ నొక్కి ఉంటే ఇవి ఈపాటికి ఉండేవా?

తీగమనిషి:
సరే, నొక్కలేదుగా. చిట్టిఅలమర గారూ, ట్యాబ్‌లో అదే ఆఫీసు ఖాతాను ఐమ్యాప్‌గా రెండోసారి చేర్చండి, పాప్ ఖాతాను తీయకుండా. మెసేజ్ మెనూలో 'మూవ్' నొక్కితే ఐమ్యాప్ ఖాతా ఫోల్డర్లు కనబడుతున్నాయా చూడండి. ఐప్యాడ్ మెయిల్‌లో ఒక ఖాతా నుంచి ఇంకోదానికి కదిలించే వీలుంది. ఆండ్రాయిడ్‌లో చాలా యాప్‌లు ఆ పని చేయవు. చేయకపోతే ముఖ్యమైనవి ఎంచి మీకే ఫార్వర్డ్ చేసుకోవడం ఒక్కటే దారి. తేదీ మారుతుంది, పంపినవారిగా మీ పేరే ఉంటుంది, కానీ అటాచ్‌మెంట్ దక్కుతుంది. అటాచ్‌మెంట్ పూర్తిగా దిగని మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకండి, ఖాళీగా వెళ్లవచ్చు. ఇకముందు పంపేవన్నీ ఐమ్యాప్ ఖాతా నుంచే పంపండి, సర్వర్ సెంట్‌లో పడతాయి.

కోడికూత:
ఐప్యాడ్‌లో ఈ క్లియర్ స్టోరేజ్ ఎక్కడుంది? నాకు కనబడలేదు.

వాననీరు:
అక్కడ ఆ బటన్ లేదు. సెట్టింగ్స్, జనరల్, ఐప్యాడ్ స్టోరేజ్‌లో మెయిల్ ఎంత తిన్నదో కనబడుతుంది, అంతే. 'ఆఫ్‌లోడ్' యాప్‌ను తీసి డేటాను ఉంచుతుంది, మనకు కావలసినదానికి సరిగ్గా ఉల్టా. ఖాతాను తీసేసి మళ్లీ చేర్చడమే దారి, అదీ ఐమ్యాప్ లేదా ఎక్స్‌చేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) ఖాతాకు మాత్రమే. పాప్ ఖాతా తీస్తే దాని మెయిల్ అంతా ఐప్యాడ్‌లోంచి పోతుంది. ఇంకొకటి, ఆ ఖాతాతో కాంటాక్ట్స్, క్యాలెండర్ కూడా సింక్ అవుతుంటే అవీ కాసేపు మాయమై, ఖాతా మళ్లీ చేర్చాక తిరిగొస్తాయి. గాభరాపడకండి. రోజుల లెక్కన సింక్ తగ్గించే వీలు ఐప్యాడ్‌లో ఎక్స్‌చేంజ్ ఖాతాకే ఉంది.

తీగమనిషి:
ఏ సెట్టింగ్ మార్చినా ముందు ఒక టెస్ట్ మెయిల్ పంపుకుని, ట్యాబ్‌లో తీసి, బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి చూడండి. ఇంకో యాప్‌లో చూడొద్దు, దాని దగ్గర పాత కాపీ ఉండి మోసం చేస్తుంది. వెబ్‌మెయిల్‌లో ఉందంటే సర్వర్‌లో ఉన్నట్టే.

పాతమోడెమ్:
ఈ రోజు ఉన్నట్టు. ఖాతాలో 'ఏడు రోజులకు' అని పెట్టి ఉంటే మీ టెస్ట్ ఇవాళ పాసవుతుంది, ఎనిమిదో రోజు మెయిల్ ఉండదు. టెస్ట్ మెయిల్‌ను అలాగే ఉంచి వచ్చే వారం మళ్లీ చూడండి. అప్పటిదాకా ట్యాబ్‌లో ఏమీ తీయకండి.