శీతాకాలం తర్వాత మొరాయిస్తున్న లాన్‌మోవర్

ప్రశ్న: మేము ఒహాయోలో ఉంటాం. అక్టోబరులో చివరిసారి గడ్డి కోసి, ట్యాంకులో సగం పెట్రోలు ఉండగానే మోవర్‌ను గ్యారేజీలో పెట్టేశాను. ఇప్పుడు తాడు ముప్పైసార్లు లాగితే ఒక్కసారి అంటుకుంది, రెండు సెకన్లలో ఆగిపోయింది. స్పార్క్ ప్లగ్ కొత్తది వేసినా లాభం లేదు. రిపేరు షాపులో మూడు వారాలు ఆగమన్నారు. ఇంట్లో చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ముందు తాడు లాగడం ఆపండి, భుజం పట్టేస్తుంది. రెండు సెకన్లు తిరిగిందంటే నిప్పురవ్వ పడుతోంది, కంప్రెషనూ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) ఉంది. అందనిది పెట్రోలే. పాపం, ప్లగ్ డబ్బులు దండగ. అక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ బెజ్జాల్లో పేరుకుంటుంది. ట్యాంకు మూత తీస్తే పాత రంగు డబ్బా వాసన వస్తుంది చూడండి.

ఇంజిన్ చల్లారాక, ఆరుబయట పని మొదలుపెట్టండి. ప్లగ్ వైరు ఊడదీసి దూరంగా పెట్టాకే మిగతా వాటిపై చెయ్యి వేయండి. పాత పెట్రోలు డబ్బాలోకి దించండి. కార్బ్యురేటర్ అడుగున చిన్న గిన్నె ఒకే బోల్టుతో బిగించి ఉంటుంది. చాలా మోడళ్లలో ఆ బోల్టే జెట్, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న బెజ్జం ఉన్న భాగం. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. బెజ్జంలోంచి వెలుగు కనిపించకపోతే దొంగ దొరికినట్టే. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో పొడిచి, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టండి. డ్రిల్లు బిట్టు మాత్రం వద్దు, బెజ్జం పెద్దదైతే పెట్రోలు లెక్క తప్పుతుంది.

అడిగినవారు: గిన్నెలో పెట్రోలు కింద నీటి బొట్లు పూసల్లా దొర్లుతున్నాయండీ! బోల్టు బెజ్జం పూర్తిగా పూడిపోయి ఉంది. శుభ్రం చేసి కొత్త పెట్రోలు పోస్తే రెండో లాగుకే అంటుకుంది. కానీ తెల్లటి పొగ దట్టంగా వస్తోంది. శబ్దం కూడా నిలకడగా లేదు, పెరుగుతుంది, తగ్గుతుంది.

జవాబు: గిన్నె విప్పడానికి మోవర్‌ను ఎటు వంచారు?

అడిగినవారు: కార్బ్యురేటర్ కిందికి వచ్చేలా.

జవాబు: అదీ సంగతి. ముందే చెప్పకపోవడం నా పొరపాటు. వంచాల్సి వస్తే కార్బ్యురేటర్ ఎప్పుడూ పైకే ఉండాలి. ఇప్పుడు ఆయిల్ సిలిండర్‌లోకి, ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరింది. కాసేపు నడిస్తే పొగ దానంతటదే పోతుంది. కాగితపు ఫిల్టర్ ఆయిల్‌తో తడిస్తే పారేయాల్సిందే. ఆయిల్ మట్టం కూడా చూసుకోండి. ఫిల్టర్ మార్చాక కూడా శబ్దం అలాగే ఉంటే లోపలి చిన్న జెట్ ఇంకా పూడి ఉంది, లేదా కార్బ్యురేటర్ వెనుక గ్యాస్కెట్ (అతుకులో సందు మూసే పట్టీ) దగ్గర గాలి చొరబడుతోంది. మళ్లీ విప్పక తప్పదు.

మరొకరు: మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది చెట్టు మొద్దుకు తగిలి ఆగింది. అప్పటి నుంచి లాగిన తాడు చేతిని వెనక్కి గుంజేస్తోంది.

జవాబు: ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కింద వేలి గోరంత మెత్తటి లోహపు కీ ఉంటుంది. దెబ్బకు అది కోసుకుపోయి, నిప్పురవ్వ వేళ తప్పి పడుతోంది. కీ ఖరీదు కొద్ది డాలర్లే. అయితే ముందు ప్లగ్ తీసేసి, తాడు మెల్లగా లాగుతూ బ్లేడు బోల్టును గమనించండి. అది ఊగిసలాడితే బ్లేడును తిప్పే షాఫ్టు వంగినట్టే, ఆ ఇంజిన్ మీద ఇంకో డాలరు పెట్టవద్దు.