చెరువు బాగుకు ఊళ్లో సంఘాలన్నీ కావాలా?

కట్టమీది కుర్రోడు: మా చెరువును గుర్రపుడెక్క కమ్మేసింది, తూము కారుతోంది. ఆయకట్టు రైతులు, మత్స్య సహకార సంఘం, మహిళా సంఘాలు, యూత్, అందరితో కమిటీ వేద్దామంటున్నారు సర్పంచ్. పని అవుతుందా, మీటింగులే మిగులుతాయా?

పాతపట్టా: మీటింగులే తమ్ముడూ. 1997 సాగునీటి సంఘాల చట్టం కూడా ఓటు ఆయకట్టు రైతులకే ఇచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డారు. అన్ని సంఘాలనూ పిలిచి కమిటీ వేశాకే కదిలారా? కడుపు మండి కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతా సారా బంద్.

వలకాడు: దూబగుంట కథ సగమే చెప్పావన్నా. పెద్దవాళ్లకు చదువు నేర్పిన అక్షరదీపం రాత్రి బడులు లేకపోతే ఆ ఆడవాళ్లు ఒకచోట కూర్చునేవాళ్లా? ఆ బడులు నడవడానికి ఎంతమంది చెయ్యి వేశారు? అయినా నీటితో బతికేది రైతొక్కడేనా? పోయిన యాసంగిలో మా ఊళ్లో ఎవరినీ అడక్కుండా తూము ఎత్తేశారు. అరకిలో కూడా కాని చేపలు బురదలో కొట్టుకున్నాయి. వ్యాపారి కట్ట మీద నుంచే చూసి బండి తిప్పుకున్నాడు.

పాతపట్టా: వరి పొట్ట మీదుంటే చేప కోసం తూము మూసుకోవాలా?

వలకాడు: మూయమన్నానా? ఒక మాట అడగమన్నా.

దుబాయ్ తెలుగోడు: వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో పనికో కమిటీ వేసుకుని ఊరు బాగుచేసుకున్నారుగా.

పాతపట్టా: ఆ ఊరు 1982లోనే సారా మానేసింది బాబూ. మన ఊళ్లలో ముందు బెల్టుషాపు మూయించి చూపించండి.

ఇందూరు పిల్ల: మా నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీల్లో కులానికొకరు ఉంటారు. మాట వినని కులాన్ని వెలేసేదీ ఆ కమిటీలే. అందులో ఉన్నంత మాత్రాన కాదనే ధైర్యం వస్తుందా?

స్వశక్తి: నాట్ల రోజుల్లో పొద్దున పదకొండుకు మీటింగ్ పెడతారు. కూలికి పోయే మాకు ఎలా కుదురుతుంది? సంతకాల పుస్తకం మాత్రం సాయంత్రం ఇంటికొస్తుంది.

వలకాడు: నేనూ అలా సంతకం పెట్టినవాణ్నే. పూడిక ఎక్కడ తీయాలో అప్పటికే సున్నం గీశారు. శిఖం, అదే చెరువు లోపలి భూమి, దున్నుతున్నవాళ్ల పక్కన మాత్రం గీత లేదు.

పాతపట్టా: శిఖం అనగానే కబ్జా అనకండి! మాది శిఖం పట్టా, మా తాత పేరున ఉంది. నీరు దిగితే దున్నుకునే హక్కు మాకుంది.

వలకాడు: ఓహో. అంటే తూము బాగైతే నీ పొలంలో నీరు దిగదు. ఇంతసేపూ చట్టాలూ దూబగుంటా ఎందుకన్నా, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?

పాతపట్టా: చెబితే ఏం చేస్తారు? ఊరంతా ఒకవైపు కూర్చుని చేతులెత్తుతారు, మేం నాలుగిళ్లవాళ్లం. మునిగినదానికి పరిహారం మాట మీ మత్స్య సంఘం ఎప్పుడైనా ఎత్తిందా?

వలకాడు: ఎత్తలేదు. మా చేపలు పోయినప్పుడు నువ్వెత్తావా?

ఇందూరు పిల్ల: మీ ఇద్దరి గోడూ ఒకటే, అడక్కుండా చేశారని. మరి కమిటీ వద్దని ఎవరంటున్నట్టు?

పాతపట్టా: వద్దనే అంటున్నా. ముందు పరిహారం కాగితం మీద పెట్టండి, తర్వాత పిలవండి.

కట్టమీది కుర్రోడు: మా సర్పంచ్ రాసిన లిస్టులో శిఖం పట్టాదారులు లేరు. రేపు అడుగుతా.