హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఘనత వాల్‌చంద్‌దేనా?

రన్‌వే: వ్యాపారి వాల్‌చంద్ హీరాచంద్‌ని మన విమాన పరిశ్రమకు పితామహుడు అంటుంటారు. 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్‌కు మూలమైన విమానాల కంపెనీ) పెట్టాడు. 1942 ఏప్రిల్‌కల్లా వాటా ప్రభుత్వానికి ఇచ్చేసి తప్పుకున్నాడు. ఏడాదిన్నర కూడా ఉండని మనిషికి ఇంత పెద్ద బిరుదెందుకండీ?

పాతకాగితం: తప్పుకున్నాడా, తప్పించారా? అప్పటికి జపాన్ బర్మాలోకి వచ్చేసింది. అలాంటి సమయంలో యుద్ధ విమానాల ఫ్యాక్టరీ ఒక ప్రైవేటు వ్యాపారి చేతిలో, అందులోనూ కాంగ్రెస్ వాళ్లతో తిరిగే వ్యాపారి చేతిలో ఉండటం ఢిల్లీలోని బ్రిటిష్ ప్రభుత్వానికి ఇష్టమవుతుందా? కొనేశారు. మరుసటి ఏడాది దాన్ని అమెరికా సైన్యం విమానాల రిపేర్లకు వాడుకుంది.

అసలు మొదలే చిత్రం. 1939లో ఒక విమాన ప్రయాణంలో విలియం పాలీ అనే అమెరికన్ పరిచయమయ్యాడు. చైనాలో విమానాల ఫ్యాక్టరీ నడిపే మనిషి. ఆ పరిచయాన్ని పట్టుకుని యంత్రాలు, ఇంజినీర్లు, ప్రభుత్వ ఆర్డరు అన్నీ కుదుర్చుకున్నాడు వాల్‌చంద్. మైసూరు సంస్థానం స్థలమిచ్చి, 25 లక్షలు వాటా పెట్టింది. 1941లోనే హార్లో శిక్షణ విమానం ఎగిరింది. అంత వేగంగా ఇంకెవరు చేశారో చెప్పండి.

రన్‌వే: ఆ హార్లో డిజైన్ అమెరికా వాళ్లదే కదా! మన డిజైన్ అంటే 1951లో ఎగిరిన శిక్షణ విమానం హెచ్‌టీ-2. అది అదే ఫ్యాక్టరీలో డిజైనర్ ఘాట్గే బృందం చేసిన పని. బిరుదు ఇవ్వాలంటే అక్కడ ఇవ్వాలి.

తీరం: విశాఖ మనిషిగా ఒక మాట. మా షిప్‌యార్డ్‌కు 1941లో పునాది రాయి పడిందీ ఈయన ఓడల కంపెనీ సింధియా పూనికతోనే. అక్కడ మాత్రం పట్టు వదల్లేదు, 1948లో 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగేదాకా నడిపించారు. కాబట్టి మధ్యలో వదిలేసే రకం అంటే నేనొప్పుకోను. విమానాల దగ్గర అవకాశమే లేకుండా చేశారు.

పాతకాగితం: హెచ్‌టీ-2 గొప్పదే, కాదనను. కానీ ఘాట్గే గారు పనిచేసిన ఫ్యాక్టరీ ఎక్కడిది? పదేళ్ల ముందు ఎవరో పెట్టుబడికి తిరిగి, సంస్థానాన్ని ఒప్పించి కట్టిందేగా.

రన్‌వే: సరే, స్థాపకుడు అనండి, ఒప్పుకుంటా. పితామహుడు మాత్రం వద్దు. పైగా 1942లో ఆయన వాటా అమ్మినా, మైసూరు అమ్మలేదు. ఆ సంస్థానాన్ని ఎవరూ తలుచుకోరేం?