డిస్క్ 200 జీబీకి పెంచినా ‘డీఎఫ్’ కమాండ్‌లో పాత 48 జీబీయే కనిపిస్తోంది

ప్రశ్న

ఉబుంటు 22.04 సర్వర్ అండీ, వీఎంవేర్ మీద వర్చువల్ మెషీన్. డిస్క్ 100 జీబీ ఉండేది, నిన్న సెట్టింగ్స్‌లో 200 చేశాం. మెషీన్ ఆపలేదు. లోపల డిస్కుల జాబితా చూపే ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కొడితే ఎస్‌డీఏ (మా డిస్క్) ఇంకా 100జీ అనే ఉంది. అందులో ఎస్‌డీఏ3 అనే పార్టిషన్ 98జీ, దాని కింద ఉబుంటు-ఎల్‌వీ అనే లాజికల్ వాల్యూమ్ 49జీ. రూట్ (సిస్టమ్ అంతా ఉండే ‘/’) 97 శాతం నిండిపోయింది. ఫైల్‌సిస్టమ్‌ని పెంచే రీసైజ్2ఎఫ్ఎస్ కొడితే ‘ఫైల్‌సిస్టమ్ ఇప్పటికే 12844032 బ్లాకులు ఉంది, చేసేదేమీ లేదు’ అంటోంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తోంది కాబట్టి రీబూట్ లేకుండా అయితే బాగుంటుంది.

జవాబు 1

రీబూట్ అక్కర్లేదు, అన్నీ నడుస్తుండగానే అయిపోతాయి. మీరు కొట్టిన కమాండ్ తప్పు కాదు, ఆఖర్న కొట్టాల్సింది ముందు కొట్టారు. డిస్క్, దాని మీద పార్టిషన్, ఆ పైన ఎల్‌వీఎం (డిస్క్ చోటుని కలిపి పంచే వ్యవస్థ)లోని ఫిజికల్ వాల్యూమ్ (పీవీ), పీవీలు చేరే వాల్యూమ్ గ్రూప్, అందులోంచి ఇచ్చిన లాజికల్ వాల్యూమ్ (ఎల్‌వీ), అన్నిటికన్నా పైన ఫైల్‌సిస్టమ్. కింది అంతస్తు పెరగకుండా పైది పెరగదు. 12844032ని 4 కేబీతో గుణించి చూడండి, సరిగ్గా మీ 49 జీబీ ఎల్‌వీ వస్తుంది. అంటే ఫైల్‌సిస్టమ్ తనకిచ్చిన చోటంతా ఎప్పుడో వాడేసుకుంది.

ముందు ‘వీజీఎస్’ కొట్టి వీఫ్రీ (గ్రూప్‌లో ఖాళీ చోటు) కాలమ్ చూడండి. మీ లెక్క ప్రకారం అక్కడ దాదాపు 49 జీబీ ఖాళీ కనిపించాలి. ఉబుంటు ఇన్‌స్టాలర్ ఈ సైజు డిస్కుల్లో వాల్యూమ్ గ్రూప్‌లో సగమే రూట్‌కి ఇచ్చి మిగతాది వదిలేస్తుంది. డిస్క్ పెంచకముందే మీ దగ్గర అంత చోటు ఊరికే పడి ఉందన్నమాట.

ఇక అసలు పని. ఎస్‌డీఏ 100జీ అనే చూపిస్తోందంటే కెర్నెల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) కొత్త సైజు ఇంకా తెలియలేదు. రూట్ యూజర్‌గా (అన్ని హక్కులున్న అడ్మిన్‌గా) ఇది కొట్టండి:

ఎకో 1 > /సిస్/క్లాస్/బ్లాక్/ఎస్‌డీఏ/డివైస్/రీస్కాన్

ఎల్ఎస్‌బీఎల్‌కేలో ఎస్‌డీఏ 200జీ అయిందని కళ్లారా చూశాకే ముందుకెళ్లండి. తర్వాత వరసగా పార్టిషన్, పీవీ, ఎల్‌వీ పెంచే కమాండ్లు:

గ్రోపార్ట్ /డెవ్/ఎస్‌డీఏ 3
పీవీరీసైజ్ /డెవ్/ఎస్‌డీఏ3
ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +100%ఫ్రీ /డెవ్/ఉబుంటు-వీజీ/ఉబుంటు-ఎల్‌వీ

గ్రోపార్ట్‌లో డిస్క్ పేరుకీ 3కీ మధ్య ఖాళీ ఉండాలి, పీవీరీసైజ్‌లో ఉండకూడదు. చాలామంది తడబడేది ఇక్కడే. ఎల్‌వీఎక్స్‌టెండ్‌లోది చిన్న ఎల్, శాతాలకి అదే. జీబీల్లో చెప్పాలంటే పెద్ద ఎల్ వాడాలి. ప్లస్ గుర్తు మరవకండి. అది ఉంటే ‘ఇంత కలుపు’ అని, లేకపోతే ‘మొత్తం ఇంత చెయ్యి’ అని అర్థం. చిన్న ఆర్ పెడితే ఫైల్‌సిస్టమ్‌ని కూడా అదే పెంచేస్తుంది, రీసైజ్2ఎఫ్ఎస్ విడిగా కొట్టనక్కర్లేదు.

గ్రోపార్ట్ లేదంటే ‘క్లౌడ్-గెస్ట్-యుటిల్స్’ ప్యాకేజీ వేసుకోండి.

జవాబు 2

పైన చెప్పిందంతా సరే, కానీ బ్యాకప్ మాట రాలేదు. పార్టిషన్ టేబుల్ ముట్టుకునే ముందు పోస్ట్‌గ్రెస్ డంప్ తీసి వేరే మెషీన్‌లో పెట్టండి. వీఎంవేర్‌లో స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితిని దాచుకోవడం) ఉండగా డిస్క్ సైజు మార్చనివ్వదు. మీరు సైజు ఇప్పటికే మార్చేశారు కాబట్టి ఇప్పుడు, అంటే గ్రోపార్ట్‌కి ముందు, స్నాప్‌షాట్ తీసుకోవచ్చు. పని సవ్యంగా అయ్యాక దాన్ని తీసేయండి. ఉంచితే డేటాబేస్ రాతలన్నీ అందులోకి చేరి డేటాస్టోర్ నిండుతుంది.

ఎలాగూ చోటుంది కదా అని మొత్తం రూట్‌కే ఇచ్చేయడం నాకు నచ్చదు. +100%ఫ్రీ బదులు ‘పెద్ద ఎల్ +80జీ’ ఇచ్చి మిగతాది గ్రూప్‌లోనే ఉంచండి. కావాల్సినప్పుడు పెంచడం నిమిషం పని. ఈఎక్స్‌టీ4ని (ఉబుంటులో మామూలుగా ఉండే ఫైల్‌సిస్టమ్‌ని) తగ్గించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి, రూట్ అయితే వేరే ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైల్)తో బూట్ కావాలి. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అయితే కొత్తగా ఫార్మాట్ చేసి డేటా తిరిగి పోసుకోవడమే గతి.

జవాబు 3

వేరే మెషీన్ల మీద ఇదే పని చేసేవాళ్ల కోసం కొన్ని చేరుస్తున్నాను.

రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లలో సాధారణంగా ఎక్స్ఎఫ్ఎస్ ఉంటుంది. దానికి రీసైజ్2ఎఫ్ఎస్ కొడితే ‘సూపర్‌బ్లాక్‌లో మ్యాజిక్ నంబర్ తప్పు’ అని వస్తుంది. కంగారు పడకండి, డిస్క్ చెడిపోలేదు. ‘ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్ /’ కొట్టాలి, దానికి ఇచ్చేది మౌంట్ పాయింట్. ఏ ఫైల్‌సిస్టమో ‘డీఎఫ్ -హెచ్‌టీ’ చెబుతుంది.

గ్రోపార్ట్ ‘నోచేంజ్’ అంటే రెండు కారణాలు. రీస్కాన్ జరగలేదు, లేదా ఆ పార్టిషన్ వెనకాలే ఇంకొకటి అడ్డుగా ఉంది. ఎల్‌వీఎం లేని పాత డెబియన్‌లలో రూట్ ఎస్‌డీఏ1, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) ఎస్‌డీఏ5గా చివర్లో కూర్చుని ఉంటుంది. ముందు ‘స్వాప్ఆఫ్’, తర్వాత ఎస్‌డీఏ5నీ దాన్ని పట్టుకున్న ఎస్‌డీఏ2నీ తీసేయడం, ఎఫ్ఎస్‌ట్యాబ్ (మౌంట్‌ల జాబితా ఫైల్)లో ఆ లైన్ కొట్టేయడం, అప్పుడు గ్రోపార్ట్. స్వాప్‌ని ఫైల్‌గా పెట్టుకోండి. బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ రెజ్యూమ్ ఫైల్‌లో పాత స్వాప్ యూయూఐడీ (గుర్తింపు నంబర్) ఉండిపోతే బూట్ అయ్యేటప్పుడు దానికోసం కాసేపు ఎదురుచూస్తుంది, అక్కడా మార్చాలి.

డిస్క్ 2 టీబీ దాటుతుంటే పార్టిషన్ టేబుల్ కొత్త తరహా జీపీటీయా పాత తరహా ఎంబీఆరా అని ముందే చూడండి. 512 బైట్ల సెక్టార్లున్న ఎంబీఆర్ అంతకు మించి పోదు.

ప్రశ్న వేసినవారు

వీజీఎస్‌లో వీఫ్రీ 49జీ ఉంది, నిజమే. అయితే రూట్ ఈలోపు 100 శాతం అయింది. గ్రోపార్ట్ ‘టెంప్ డైరెక్టరీ సృష్టించలేను’ అంటోంది.

జవాబు 1

గ్రోపార్ట్ తన పని ఫైళ్లు /టెంప్‌లో పెట్టుకుంటుంది, అక్కడ చోటు లేదు. కాసేపు మెమరీలో చోటివ్వండి:

మౌంట్ -టీ టెంప్ఎఫ్ఎస్ -ఓ సైజ్=10ఎం టెంప్ఎఫ్ఎస్ /టెంప్

పని కాగానే వెంటనే అన్‌మౌంట్ చేయండి. ఎల్‌వీఎం కూడా ప్రతి మార్పుకీ /ఈటీసీ/ఎల్‌వీఎంలో నకలు రాస్తుంది, అదీ చోటు లేదంటే ‘-ఏ ఎన్’ కలపండి, పెద్ద ఏ. అంతకన్నా తేలిక, ‘జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం’ కొడితే పాత లాగులు పోయి కొంత ఊపిరి వస్తుంది. పోస్ట్‌గ్రెస్ పీజీ_వాల్ (మార్పుల లాగ్) ఫోల్డర్‌లో మాత్రం ఒక్క ఫైల్ కూడా చేత్తో తీయకండి, డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు.

ప్రశ్న వేసినవారు

జర్నల్ తగ్గించాక గ్రోపార్ట్ ‘చేంజ్‌డ్’ అంది, పీవీ 198జీ చూపించింది. రూట్‌కి +80జీ ఇచ్చాం, ఎల్‌వీ ఇప్పుడు 129జీ. పోస్ట్‌గ్రెస్ ఒక్కసారి కూడా ఆపలేదు. స్నాప్‌షాట్ ఇప్పుడే తీసేస్తున్నాను.