పాత క్యాంపర్ బండి: బ్యాటరీ పీకేసి లిథియం పెట్టాలా, ముందు వైర్లు చూసుకోవాలా?

అనంత_ట్రావెలర్ (అనంతపురం)
అందరికీ నమస్కారం. మాది 2011 మోడల్ టెంపో ట్రావెలర్. సీట్లు తీసేసి రెండు పరుపులు, చిన్న వంటగట్టు, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, తక్కువ కరెంటు లాగే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించిన బండి, ముందు యజమాని దగ్గర అలాగే కొన్నాం. వెనక పిల్లలు పడుకునే పరుపు కింద 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే ఇంటి ఇన్వర్టర్లకు వాడే సీసం-ఆసిడ్‌ది, డ్రైవర్ సీటు వెనకాల మామూలు ఇంటి ఇన్వర్టర్. గండికోటలో రాత్రి ఆగితే తెల్లవారుజామున రెండు మూడు గంటలకల్లా ఫ్రిజ్ ఆగిపోతోంది. పొద్దున చట్నీకి మిక్సీ వేస్తే ఇన్వర్టర్ కుయ్‌మని అరిచి కట్ అయిపోతోంది. బ్యాటరీ కొని ఏడాదిన్నర కూడా కాలేదు. కర్నూల్లో ఒక షాపులో చూపిస్తే, మీటరు కూడా తియ్యకుండా "లిథియం వేసుకోండి సార్, అన్నీ సర్దుకుంటాయి" అని 62 వేలు చెప్పారు. మా ఆవిడేమో ఆ డబ్బుతో హరిత హోటల్లో ఎన్ని రాత్రులు ఏసీలో పడుకోవచ్చో లెక్క తీసింది. ఏం చేయమంటారు?

సోలార్_సీమ (కర్నూలు)
షాపువాడు చెప్పింది కరెక్టే అన్నా, రేటు సంగతి వేరే. ట్యూబులర్ అనేది ఇంట్లో మూల కదలకుండా కూర్చోవడానికి చేసిన బ్యాటరీ. గుంతల రోడ్ల మీద ఊగుతుంటే లోపల ప్లేట్ల మెటీరియల్ రాలుతుంది. సగం కంటే ఎక్కువ వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి నీ 150లో చేతికొచ్చేది 75. అదే 100 ఏహెచ్ లిథియంలో 80 నుంచి 90 దాకా ధైర్యంగా వాడొచ్చు. బరువు చూడు, ఆ ట్యూబులర్ యాభై కిలోల పైమాటే, లిథియం పన్నెండు పదమూడు కిలోలు. బండి అమ్మేసినా విప్పి ఇంకో బండికి వేసుకోవచ్చు. పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌కి వేసి వదిలించుకో.

పెన్నా_గట్టు (ప్రొద్దుటూరు)
ఒక్క రీడింగ్ కూడా లేకుండా 62 వేలు ఖర్చు పెట్టించేస్తున్నారు. ముందు లెక్క వేద్దాం. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 5 ఆంపియర్లు అనుకో, మన ఎండలకు రాత్రిలో సగం సేపు నడుస్తుంది, పది గంటలకు 25 ఏహెచ్. ఫ్యాన్లు రెండూ కలిపి 4 ఆంపియర్లు, ఎనిమిది గంటలకు 32. లైట్లూ ఫోన్లూ కలిపినా మొత్తం 60 దాటదు. బాగున్న 150 ట్యూబులర్ దీన్ని పొద్దున దాకా లాగాలి. లాగలేదంటే కారణం మూడిట్లో ఒకటి: బ్యాటరీ నిజంగానే పోయింది, లేదా అసలు ఎప్పుడూ నిండలేదు, లేదా కరెంటు దారిలోనే పోతోంది. మూడిటికీ మందు వేరు.

మిక్సీ సంగతి నాకు వైరు మీదే అనుమానం. 750 వాట్ల మిక్సీకి ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి దాదాపు 70 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ వెనక, ఇన్వర్టర్ ముందు అంటున్నారు, అంటే పోను రాను కలిపి పది మీటర్లు. ఇలాంటి బండ్లలో 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు లాగి వదిలేస్తారు. ఆ రాగి వైరుకు మీటరుకు సుమారు 3 మిల్లీ ఓమ్‌లు, పది మీటర్లకు 30, దాన్ని 70 ఆంపియర్లతో గుణిస్తే 2.1 వోల్టులు దారిలోనే గోవిందా. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా ఇన్వర్టర్‌కు అందేది 10.1. ఈ ఇంటి ఇన్వర్టర్లు 10.5 దగ్గర కట్ అవుతాయి. పైపు సన్నగా ఉంటే ఎంత పెద్ద ట్యాంకు కట్టించినా కుళాయిలో ధార సన్నగానే వస్తుంది.

ఇలా చూడండి సార్. మిక్సీ నడుస్తుండగానే మల్టీమీటర్ డీసీ వోల్ట్‌లో పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ఇన్వర్టర్ ప్లస్ మీద. వచ్చిన అంకె ప్లస్ వైరు తినేస్తున్న వోల్టేజీ. మైనస్ వైపూ అలాగే. లోడ్ లేకుండా చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. తర్వాత హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్ గ్రావిటీ (ఆసిడ్ సాంద్రత) రాయండి. ఫుల్ చార్జ్ అయిన ట్యూబులర్ 1240 అటు ఇటుగా ఉండాలి. ఏదో ఒక సెల్ మిగతావాటి కంటే 30, 40 పాయింట్లు కింద ఉంటే ఆ సెల్ పోయినట్టు, అప్పుడు బ్యాటరీ మార్చమని నేనే అంటాను.

కోవా_బిళ్ళ (కడప)
మిక్సీ వద్దు, రోలు పెట్టుకోండి. బరువుకు బరువు, బ్రేకు పడనప్పుడు చక్రం కింద వెయ్యడానికీ పనికొస్తుంది 😄

సోలార్_సీమ
పెన్నా అన్నా, వైరు లావుది వేస్తే మిక్సీ తిరుగుతుంది, ఒప్పుకుంటా. ఫ్రిజ్ రెండింటికి ఎందుకు ఆగుతోంది మరి? అది లాగేదే ఐదు ఆంపియర్లు, దానికి వైరు అంత అడ్డం కాదు. అసలు సంగతి చార్జింగ్. ట్యూబులర్ చివరి ఇరవై శాతం నిండడానికి గంటలు గంటలు తీసుకుంటుంది, 14.4 వోల్టులు నిలకడగా ఇవ్వాలి. అనంతపురం నుంచి గండికోట దాకా నడిపితే ఎంత ఎక్కుతుంది? ప్రతి ట్రిప్పులో సగం నిండి సగం ఖాళీ అయి ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. లిథియం అయితే ఇచ్చినంత కరెంటు మింగేస్తుంది.

ఇంకోటి ఎవరూ అనలేదు. ఆ ట్యూబులర్ పరుపు కింద ఉంది. చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, ఆసిడ్ ఆవిరి కూడా. దాని మీద పిల్లల్ని పడుకోబెడుతున్నారు. పొదుపు సంగతి తర్వాత, ఇది చెప్పండి ముందు.

పెన్నా_గట్టు
గ్యాస్ మాట నిజమే, అది నేను కాదనను. బ్యాటరీని మూత ఉన్న పెట్టెలో పెట్టి, పెట్టె పైభాగం నుంచి పైపు బండి బయటికి తీయాలి. హైడ్రోజన్ పైకి పోతుంది కాబట్టి కింద రంధ్రం పెడితే లాభం లేదు. వంట గ్యాస్ దీనికి ఉల్టా, గాలి కంటే బరువు, అందుకే సిలిండర్ అరకు నేల దగ్గర రంధ్రం ఉండాలి. చాలా బండ్లలో రెండూ ఒకే అరలో పెట్టి, పైన ఇన్వర్టర్ బిగిస్తారు. చూస్తే గుండె ఆగుతుంది.

కానీ "లిథియం ఇచ్చినంత మింగుతుంది" అన్నావు చూడు తమ్ముడూ, అక్కడే ఉంది చిక్కు. పాత బండి ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీ నింపే జనరేటర్‌కి) నేరుగా కలిపితే అది శక్తికి మించి కరెంటు ఇస్తూ పోతుంది, ట్రాఫిక్‌లో ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు గాలి ఆడక కాలిపోతుంది. నిండగానే బీఎంఎస్ (లిథియం బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్) ఠక్కున కట్ చేస్తే వోల్టేజీ ఎగిరి డయోడ్లు పోయే ప్రమాదం వేరే. ఆ 62 వేలలో ఆల్టర్నేటర్‌కూ బ్యాటరీకీ మధ్య కరెంటును అదుపు చేసే డీసీ-డీసీ చార్జర్ ఉందా అని అడిగారా? షాపువాళ్లు పెట్టె ఫొటో పంపుతారు, చార్జర్ మాట ఎత్తరు.

బురుజు_నీడ (కర్నూలు)
ఎండ గురించి ఎవరూ మాట్లాడరేం? మే నెలలో మూసిన బండి లోపల, పరుపు కింద పెట్టెలో ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూడండి. లిథియం సెల్స్‌ను సాధారణంగా 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు, మంచి బీఎంఎస్ అయితే తనే ఆపేస్తుంది. అప్పుడు "కొత్త బ్యాటరీ చార్జ్ అవ్వట్లేదు" అని ఇంకో ప్రశ్న వేస్తారు.

సోలార్_సీమ
వేడి లెడ్ ఆసిడ్‌ని వదిలేస్తుందా? 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు సగం అవుతుందని బ్యాటరీ పనివాళ్లందరూ చెప్పే లెక్కే. డిస్టిల్డ్ వాటర్ కూడా ఎండాకాలం నెలకోసారి చూసుకోవాలి. ఏ బ్యాటరీ అయినా పెట్టెకు గాలి ఆడాలి, దానికి లిథియంని తిట్టడం ఎందుకు?

కోవా_బిళ్ళ
జోకు పక్కన పెడితే ఒక మాట. బండి 2011 అంటున్నారు. టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ చూశారా? 3514 అని ఉంటే 2014లో 35వ వారం తయారైనట్టు. నెలల తరబడి ఇంటి ముందు నిలబడే బండ్లకు గాడి అరగదు, రబ్బరే పగిలిపోతుంది. గాడి బాగుందని మురిసిపోతుంటారు. పైగా నీళ్ల ట్యాంకు నిండా నింపితే వంద లీటర్లంటే వంద కిలోలు, అదంతా వెనక చక్రాల మీదే. మా గువ్వలచెరువు ఘాట్‌లో కడప వైపు దిగుతూ బ్రేక్ మీద కాలు తియ్యకుండా వచ్చే బండ్లను రోజూ చూస్తుంటా, పొగ కనపడక ముందే వాసన వస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, దాంతో మరిగే వేడి తగ్గిపోతుంది, ఘాట్‌లో ఆవిరి పట్టి పెడల్ నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. చట్నీ ఆగితే పచ్చడితో తినొచ్చు. ఆ డబ్బుతో ముందు టైర్లు, బ్రేకులు. తర్వాత మీరూ మీరూ లిథియమో రోలో తేల్చుకోండి.

బురుజు_నీడ
దానికి తోడు ఆర్‌సీ. 2011 బండి అంటే ప్రైవేట్ రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల గడువు 2026తో తీరుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యూవల్. 2022 ఏప్రిల్‌లోనే కారు రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 చేశారు. సీట్లు తీసేసినట్టు ఆర్‌సీలో ఎక్కిందా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చే మార్పులు అనుమతి లేకుండా చేయకూడదు. క్యారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రత్యేకంగా ప్రమాణమే ఉంది. రేపు వైరింగ్‌లో మంట వస్తే ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట అడిగేది అదే.

అనంత_ట్రావెలర్
ఆర్‌సీలో క్యారవాన్ అని ముందు యజమానే మార్పించాడు, ఆ టెన్షన్ లేదు. టైర్ కోడ్‌లు చూశాను, రెండు వెనక టైర్లు 2015వి, చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు, వాటికి ఆర్డర్ ఇచ్చేశాను.

ఇక కొలతలు. మిక్సీ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.2, ఇన్వర్టర్ దగ్గర 10.0, వెంటనే కట్. ప్లస్ వైరులో 1.0 పోతోంది, మైనస్ వైపు 1.2. మైనస్ వైరు ఇన్వర్టర్ నుంచి బ్యాటరీ దాకా రాలేదు, సీటు కింద బోల్టుతో చాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) బిగించారు, బోల్టు కింద పెయింట్ కూడా గీకలేదు. వైరు మీద 6 స్క్వేర్ అనే రాసి ఉంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు అసలు లేదు. ఇంజిన్ నడుస్తుండగా ముందున్న, బండి స్టార్ట్ చేసే బ్యాటరీ దగ్గర 14.1, వెనక బ్యాటరీ దగ్గర 13.3. ట్రిప్పు నుంచి రాగానే గ్రావిటీ చూస్తే ఐదు సెల్స్ 1215, 1220 మధ్య, ఒకటి 1205.

పెన్నా_గట్టు
చూశారా, సెల్ ఏదీ పోలేదు. అన్నీ దగ్గర దగ్గరే ఉన్నాయి, కాకపోతే అన్నీ ఆకలితో ఉన్నాయి. గంటల తరబడి నడిపి వచ్చాక కూడా 1220 దాటలేదంటే ఈ బ్యాటరీ మీ చేతికి వచ్చినప్పటి నుంచి నిండా నిండిన రోజు లేదేమో.

మొదట ఫ్యూజు. 70 ఆంపియర్లు పోయే 6 స్క్వేర్ వైరు, ఫ్యూజు లేకుండా, పరుపు కింద. అది ఇవాళే విప్పేయండి, మిక్సీ మాట దేవుడెరుగు. తర్వాత ఇన్వర్టర్‌ను డ్రైవర్ వెనక నుంచి తీసి బ్యాటరీ పక్క అరకు తెండి. అదే అరలో వద్దు, ఆవిరికి బోర్డు తుప్పు పడుతుంది. దూరం మీటరుకు తగ్గితే 35 స్క్వేర్ వైరు ఖర్చు కూడా పెద్దగా కాదు, ప్లస్, మైనస్ రెండూ వైరుతోనే వెయ్యాలి, చాసిస్‌ని నమ్ముకోవద్దు. వెల్డింగ్ కేబుల్ వాడొచ్చు కానీ అంగట్లో అల్యూమినియంది కూడా అమ్ముతారు, కోసి లోపల రాగి ఉందో లేదో చూసి కొనండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపలే.

సోలార్_సీమ
అంటే రాత్రి సమస్య చార్జింగ్ అని నేనన్నదే తేలింది కదా. 13.3 దగ్గర ట్యూబులర్ ఈ జన్మలో నిండదు.

పెన్నా_గట్టు
13.3 దగ్గర నీ లిథియం మాత్రం నిండుతుందా? దానికీ 14 పైన కావాలి. బ్యాటరీ మారిస్తే వచ్చే వోల్టేజీ మారదు.

సోలార్_సీమ
అందుకే డీసీ-డీసీ చార్జర్. ముందు బ్యాటరీ దగ్గర ఎంత వచ్చినా అది పెంచి ఇస్తుంది, ఆల్టర్నేటర్ మీద కూడా ఇంతకంటే ఎక్కువ లాగొద్దని పరిమితి పెడుతుంది. 30 ఆంపియర్లది వేస్తే రెండు మూడు గంటల్లో రాత్రి ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. ఆ వేగం లిథియంకే ఉంటుంది, ట్యూబులర్ 80 శాతం దాకా వచ్చి అక్కడి నుంచి నెమ్మదిస్తుంది.

పెన్నా_గట్టు
సరే, ఆ చార్జర్‌నే ట్యూబులర్ ముందు పెట్టమంటున్నా. సెట్టింగ్‌లో లెడ్ ఆసిడ్ ఎంచుకుంటే సరి. బయల్దేరే ముందు రోజు ఇంటి దగ్గర ఇన్వర్టర్‌ను 15 ఆంప్ ప్లగ్గుకు పెట్టి రాత్రంతా నింపితే బండి నిండా బ్యాటరీతో కదులుతుంది, చివరి ఇరవై శాతం గొడవ దారిలో ఉండదు. ఈ బ్యాటరీ ఇంకో రెండేళ్లు లాగుతుంది. అది చచ్చిన రోజు లిథియం వెయ్యండి, చార్జర్, వైర్లు అవే పనికొస్తాయి. సెట్టింగ్ మార్చుకుంటే చాలు. ఇప్పుడే లిథియం కొంటే బాగున్న బ్యాటరీని పాత సీసం రేటుకు ఇచ్చేసినట్టు.

సోలార్_సీమ
పరుపు కింద ఆసిడ్ సంగతి అలాగే ఉండిపోయింది. పైపు పెట్టినా గుంతలో పడితే మూతల్లోంచి చిమ్ముతుంది. పిల్లలున్న బండిలో నేనైతే రెండేళ్లు ఆగను.

అనంత_ట్రావెలర్
ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. ఫ్యూజు లేని వైరు విప్పేశాను. టైర్ల ఖర్చు ఉంది కాబట్టి ఇప్పటికి చార్జర్, వైర్లు వేయిస్తున్నా. బ్యాటరీని పరుపు కింద నుంచి తీసి వెనక డోరు పక్కన, బయటికి మూత తెరుచుకునే పెట్టెలోకి మార్పిస్తా, మూడు వైపులా పట్టీ బిగించి. లిథియం ఆ తర్వాత చూద్దాం. మా ఆవిడ హరిత లెక్క ఇంకా చింపలేదు.

35 స్క్వేర్ వైరుకు లగ్గులు (వైరు చివర తొడిగే రాగి కొనలు) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కేవాళ్లు అనంతపురంలోగానీ తాడిపత్రిలోగానీ ఎవరైనా ఉన్నారా? ఇక్కడ అడిగిన చోటల్లా సుత్తితో కొట్టి సోల్డర్ పోస్తామంటున్నారు.

పెన్నా_గట్టు
సుత్తి వద్దు సార్. సోల్డర్ కూడా వద్దు, వేడెక్కితే కరిగి జారుతుంది. ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్ల దగ్గర ఆ క్రింపర్ ఉంటుంది, వైరు కొలిచి కోసుకుని పోతే అక్కడే నొక్కి ఇస్తారు.