ఐకమత్యం మీద పిల్లలతో పాడించే పాట కావాలి (ఏడు, ఎనిమిది తరగతులు)

ఆదోని టీచరమ్మ
అందరికీ నమస్కారం. జనవరి 26కి మా హైస్కూల్లో బృందగానం నాకు అప్పజెప్పారు. 24 మంది పిల్లలు. ఇళ్ళలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. శాంతి, ఐకమత్యం మీద పాట కావాలి, ఐదు నిమిషాలు దాటకూడదు. హార్మోనియం ఉంది, తబలా లేదు. ట్రాక్ పెట్టి పెదాలు కదిలించడం నాకు ఇష్టం లేదు, పిల్లలే పాడాలి. పోయిన ఏడాది ఒక సినిమా పాట నేర్పిస్తే సగం మందికి నోరు తిరగలేదు. స్టేజీ మీద ఇద్దరే పాడారు, మిగతావాళ్ళు తలలు దించుకుని నిలబడ్డారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. మీరు పాడించినవి, మీ ఊళ్ళో విన్నవి చెప్పండి. ఎలాంటి బట్టలు వేయించాలో కూడా చెప్పండి.

హార్మోనియం సారు
అమ్మా, నేను 38 ఏళ్ళుగా పద్యనాటకాలకూ భజనలకూ వాయిస్తున్నాను. ధర్మవరం నుంచి గుత్తి దాకా నా పెట్టె వినని ఊరు లేదు. నా మాట విను, గురజాడ వారి ‘దేశమును ప్రేమించుమన్నా’ తీసుకో. 1910లో రాసిన పాట, ఇప్పటికీ పిల్లల నోట్లో ఇట్టే ఇమిడిపోతుంది. కారణం దాని నడక. దేశ, మునుప్రే, మించు, మన్నా. మాత్రలు లెక్కపెడితే మూడు, నాలుగు, మూడు, నాలుగు. తకిట తకధిమి. తబలా లేకపోతే చప్పట్లు చాలు. మొదటి రోజు మాటలు చెప్పొద్దు, చప్పట్లే కొట్టించు. రెండో రోజు మాట ఇస్తే దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ‘అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయ్’ అని నువ్వు అడిగిన సంగతి అందులోనే ఉంది.

పెన్నేటి గట్టు
ఎప్పుడూ విజయనగరమేనా సారూ? గురజాడ మీద నాకు గౌరవమే. కానీ సీమలో బడి, సీమ పిల్లలు, పాట మాత్రం కోస్తాది. మన తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య ఏమైనట్టు? ‘బ్రహ్మమొకటే’ అయిదు వందల ఏళ్ళ కిందటి పాట. రాజు నిద్ర, బంటు నిద్ర ఒకటే అన్నాడు. ఏనుగు మీద కాసే ఎండా కుక్క మీద కాసే ఎండా ఒకటే అన్నాడు. ఇంతకన్నా సమానత్వం ఎవరు చెప్పారు? మా నాయన కడప రేడియోలో ఈ పాట వస్తే గొడ్లకు గడ్డి వేయడం కూడా ఆపి నిలబడేవాడు. మేడమ్, ఇంకేమీ వెతకొద్దు.

జొన్నరొట్టె
అన్నమయ్యే సరి. అయితే ‘కామసుఖమొకటే’ అనే చరణం వదిలేయండి మేడమ్. ఎనిమిదో తరగతి వాళ్ళతో కష్టం.

మూడో బెంచీ
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను. ఈ పాట పేరు చూసి రాస్తున్నాను.

ఏడో తరగతిలో మాకూ ఇదే పాట నేర్పించారు. ‘మెండైన బ్రాహ్మణుడు మెట్టుభూమి యొకటే, చండాలుడుండేటి సరిభూమి యొకటే.’ సారు అర్థం చెప్పారు. చెప్పిన వెంటనే తరగతిలో పది తలలు నా వైపు తిరిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు. తర్వాత నెల రోజులు ఆట మైదానంలో ఆ మాటే నా పేరు. పాడే రోజున జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాను. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని తెలిసినా ఏమీ అడగలేదు.

పాట రాసినాయన మనసు మంచిదే. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మేడమ్, మీ 24 మందిలో నాలాంటి వాడు ఒకడు ఉంటాడు.

పెన్నేటి గట్టు
తమ్ముడూ, నీకు జరిగినదానికి నాకు నిజంగా బాధగా ఉంది. కానీ ఆ తప్పు పాటది కాదు, ఆ తరగతిది. పాటలో అసలు సత్తా ఉన్నదే ఆ పాదంలో. అది తీసేస్తే ఇక ఏం మిగులుతుంది? ఆ కాలంలో ఆ మాట పైకి అనడానికి ఎంత గుండె కావాలి!

మూడో బెంచీ
అన్నా, రాజు పక్కన బంటును పెట్టాడు. ఈ రోజు ఎవరినైనా బంటు అంటే గుండెలో గుచ్చుకోదు. ఆ రెండో మాట ఇప్పటికీ తిట్టు. మా మీద వాడే తిట్టు. నాకు కనపడే తేడా అదొక్కటే. అయిదు వందల ఏళ్ళ కిందట గుండె కావలసిన మాట ఈ రోజు పన్నెండేళ్ళ పిల్లవాడి మెడకు ఎందుకు కట్టాలి?

పెన్నేటి గట్టు
అలా అయితే పాత సాహిత్యంలో సగం చించేయాలి. వేమన పద్యాలు వద్దంటావు, వీరబ్రహ్మం తత్వాలు వద్దంటావు. నువ్వు పాటను నీ గాయంలో నుంచి చదువుతున్నావు, పాటలో నుంచి చదవడం లేదు.

మూడో బెంచీ
గాయం ఉన్నవాడు ఇంకెక్కడి నుంచి చదువుతాడన్నా?

కేసీ కాలువ
పెన్నేటి గట్టు గారూ, ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చించేయమన్నాడా? ఒక బడిలో ఒక పాదం పాడొద్దన్నాడు. మీరు గ్రంథాలయం తగలబెడుతున్నట్టు మాట్లాడుతున్నారు.

పెన్నేటి గట్టు
నాకు ఇక్కడ ఎవరూ మర్యాద నేర్పనక్కర్లేదు. అన్నమయ్య రేకులు తిరుమలలో 1922లో బయటపడేదాకా నాలుగు వందల ఏళ్ళు చీకట్లో ఉన్నాయి. రాగిరేకుల మీద నిలిచిన పాదాన్ని మనం చేత్తో చెరపడమా? నా కడుపు మండదా?

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త ఆగండి. మాట మీద మాట్లాడండి, మనిషి మీద వద్దు.

దేవుని కడప దారి
బట్టల సంగతి అడిగారు కదా మేడమ్, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెబుతాను.

బడిలో ఐకమత్యం అంటే ప్రతి ఏడాదీ నాకు టోపీ పెట్టేవాళ్ళు. ఒకడికి నామాలు, ఒకడికి మెడలో శిలువ, నాకు టోపీ, ముగ్గురం చేతులు పట్టుకుని నవ్వాలి. వెనక మిగతావాళ్ళు పాడతారు. నేను బాగా పాడేవాడిని, మా తరగతిలో నాకన్నా శ్రుతిలో పాడేవాళ్ళు లేరు. అయిదేళ్ళు టోపీ పెట్టుకుని నిలబడ్డాను, ఒక్కసారి కూడా పాడనివ్వలేదు. మా కడపలో ఉగాది నాడు మా వాళ్ళు బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని వెంకటేశ్వర స్వామి గుడికి టెంకాయ పట్టుకుని పోతారు. వేషం వేసుకుని పోరు, మామూలు బట్టలతో పోతారు. పిల్లలకు స్కూలు యూనిఫారం చాలు. దయచేసి ఎవరికీ టోపీ పెట్టకండి.

పాట అంటారా, బ్రహ్మంగారి మఠం దగ్గర తత్వాలు పాడేవాళ్ళను అడగండి. ముడుమాల సిద్దయ్య దూదేకుల ఇంటి పిల్లవాడు, బ్రహ్మంగారి ముఖ్య శిష్యుడు. ఆ గురుశిష్యుల కథ మా అమ్మమ్మ కూడా చెప్పేది.

నార్పల రోడ్డు
మా గూగూడులో పీర్ల పండగ చూడండి. కుళ్ళాయిస్వామి అంటే అన్ని కులాల వాళ్ళూ వస్తారు, పక్కనే ఆంజనేయస్వామి గుడి. చక్కెర చదివింపులు చేసేవాళ్ళలో హిందువులే ఎక్కువ. అగ్నిగుండం చుట్టూ పాడే పాటలు విన్నవాళ్ళకు ఐకమత్యం పాట వేరే అక్కర్లేదు.

రాయచోటి బస్టాండు
అందరూ పెద్ద పాట మరిచిపోయారు. జనగణమన బాణీ పుట్టిందే మన సీమలో, మదనపల్లెలో, 1919లో. టాగూర్ అక్కడే కూర్చుని కట్టారు. పిల్లలకు ఇది చెప్పి పాడించండి, ఒళ్ళు పులకరిస్తుంది.

పాత రేడియో
ఇది ప్రతి ఆగస్టుకూ తిరిగే మాట, సరిచేయక తప్పదు. జనగణమన 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే పాడారు. ఎనిమిదేళ్ళ తర్వాత బాణీ ఎలా పుడుతుంది? 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అక్కడ పాడి వినిపించారు, పాటను తానే ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. రాసిపెట్టడం వేరు, పుట్టడం వేరు.

రాయచోటి బస్టాండు
స్వరలిపి లేకపోతే ఆ పాట ఎవరి నోట్లో ఎలా మారిపోయేదో? మీరు మా ఊళ్ళ గొప్పతనం ఒప్పుకోరు, అంతే. మదనపల్లె అప్పటికి కడప జిల్లా నుంచి విడిపోయి ఎనిమిదేళ్ళే.

పాత రేడియో
గొప్పతనం ఉంది కాబట్టే ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటున్నాను. లేనిది కలిపితే రేపు ఉన్నది కూడా నమ్మరు. మీరు శాంతి గీతమే కావాలంటే 1966 అక్టోబర్ 23న ఐక్యరాజ్యసమితిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘మైత్రీం భజత’ వినండి. కంచి పరమాచార్య రాసిచ్చినది. యుద్ధం వదలండి, పోటీ వదలండి అని సూటిగా అంటుంది.

జొన్నరొట్టె
సంస్కృతం సార్. మేడమ్ పోయిన ఏడాది కష్టమే మళ్ళీ వస్తుంది.

తుంగభద్ర నీళ్ళు
1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మొదట వచ్చిన ‘మిలే సుర్’, అదే మన దేశ భాషలన్నీ కలిపి పాడిన పాట, ఎవరికీ గుర్తు లేదా? మన బాలమురళి గారు సముద్రం ఒడ్డున తమిళ పాదం పాడతారు. మూడు భాషల పిల్లలు ఉన్నారు కాబట్టి తెలుగు, కన్నడ పాదాలు విడిగా తీసి నేర్పిస్తే ఎలా ఉంటుంది? ఎవరైనా ప్రయత్నించారా?

కేసీ కాలువ
నేను ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ గురించి చెప్పాలనుకుంటున్నాను. అది అందరూ బడిలో పాడిందే, గిరిజాకుమార్ మాథుర్ హిందీలో రాశారు. దాని మూలం ‘వి షల్ ఓవర్‌కమ్’. అమెరికాలో చార్ల్‌స్టన్ అనే ఊళ్ళో 1945, 46లో సిగార్ ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె చేస్తూ పాడుకున్నారు. వాళ్ళలో నల్లజాతి ఆడవాళ్ళు ఎక్కువ. తర్వాత అది పౌరహక్కుల ఉద్యమం పాట అయింది.

మా అమ్మ కర్నూలులో బీడీలు చుట్టేది. నేను కాలేజీలో ఈ సంగతి చదివి ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. పొగాకు పని చేసే ఆడవాళ్ళ పాటమ్మా ఇది అన్నాను. ఒళ్ళో చేట పెట్టుకుని చుడుతూనే, మళ్ళీ పాడు అంది. నాలుగు సార్లు పాడించుకుంది. అమ్మకు హిందీ రాదు. ఆ పాట ఎక్కడ విన్నా నాకు అమ్మ వేళ్ళకు ఉండే ఆ వాసన వస్తుంది.

చెక్కభజన
పాటలో ఐకమత్యం అనే మాట ఉండాలని అందరూ ఎందుకు పట్టుబడుతున్నారో నాకు అర్థం కాలేదు. మా ఊరి సంగతి చెబుతాను. ఊరి పేరు వద్దు.

రెండు వర్గాలు. పదకొండేళ్ళు పైవీధి వాళ్ళు కిందివీధికి రాలేదు. పెళ్ళికి పిలుపులు లేవు, చావుకు పోవడం లేదు. బావి దగ్గర కూడా వేళలు వేరు. ఒక చెక్కభజన గురువు పక్క మండలం నుంచి వచ్చి పిల్లలకు నేర్పిస్తానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. గుండ్రంగా నిలబెట్టేటప్పుడు పైవీధి పిల్లవాడి పక్కన కిందివీధి పిల్లవాడు ఉండాలి, లేకపోతే నేను పోతాను అన్నాడు. మా నాయన ఒప్పుకోలేదు. అమ్మ పంపింది.

నా పక్కన నిలబడ్డ వాడి బాబాయి మీద మా బాబాయి కేసు ఉంది. అడుగు తప్పితే చెక్కలు ఒకరివి ఒకరికి తగులుతాయి, కాబట్టి వాడి కాలు చూసే నేను కాలు వెయ్యాలి. పాట ఏమిటంటే సీతమ్మను వెతికే పాట. ఐకమత్యం అనే ముక్క అందులో లేదు. శ్రీరామనవమికి గుడి ముందు ఆడితే పైవీధి ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. మగవాళ్ళు దూరంగా వేపచెట్టు కింద నిలబడి చూశారు. వాడు ఇప్పుడు నా కొడుక్కి మేనమామ వరస. మిగతాది మీరే ఊహించుకోండి.

నార్పల రోడ్డు
అన్నా, ఆ గురువు ఇంకా నేర్పిస్తున్నాడా? మా ఊరికి పిలవాలి.

చెక్కభజన
లేడు తమ్ముడూ. ఆయన చెక్కలు నా దగ్గర ఉన్నాయి.

హార్మోనియం సారు
మళ్ళీ పాటలోకి వస్తాను. పెన్నేటి గట్టు, మూడో బెంచీ ఇద్దరూ వినండి. ఆ చరణంలో నాలుగు పాదాలకూ ‘ండ’ ప్రాస. నిండార, అండనే, మెండైన, చండాలు. కింద రెండు పాదాలు తీసేస్తే బాణీ సగంలో వేలాడుతుందని అనుకుంటారు. వేలాడదు. రాజు నిద్ర, బంటు నిద్ర పాదాలను రెండుసార్లు పాడించు. మొదటిసారి ఒక పిల్లవాడు, రెండోసారి అందరూ. నేను పెట్టె మీద వాయించి చూసుకునే చెబుతున్నాను. అందరూ పాడే బౌళి రాగం బాణీలో మధ్యమం (‘మ’ స్వరం) లేదు, అయిదు స్వరాలతో ఎక్కుతుంది, పిల్లలకు తేలిక.

పెన్నేటి గట్టు
బాణీ నిలబడుతుంది, నేను కాదనను. అన్నమయ్య నిలబడడు. నా అభిప్రాయం మారలేదు.

ఆదోని టీచరమ్మ
అందరికీ దండాలు. నాలుగు రోజులు అన్నీ చదివాను, కొన్ని రెండేసి సార్లు చదివాను. నిన్నటి నుంచి ‘బ్రహ్మమొకటే’ మొదలుపెట్టాం. సారు చెప్పినట్టు నిద్ర పాదాలు రెండుసార్లు, తర్వాత ఆకలి చరణం, ఎండ చరణం. మూడో బెంచీ గారు చెప్పిన పాదం పాడించడం లేదు. పెన్నేటి గట్టు గారు నన్ను క్షమించాలి. నా తరగతిలో ఎవరి తల ఎటు తిరుగుతుందో నాకు తెలుసు.

‘ఒకటే’ అనగానే కన్నడం మాట్లాడే పిల్లలు ‘ఒందే’ అని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు. ఉర్దూ మాట్లాడే ఒక పాప ‘ఏక్‌హీ’ అంది. అంతే, అందరికీ పట్టు దొరికింది. ఏనుగు ఎండ పాదం మధ్యాహ్నం అన్నం వరుసలో కూడా పాడుతున్నారు. మొదటి నిద్ర పాదం ఒక్కడే పాడే పిల్లవాడిని గొంతు విని ఎంచుకున్నాను, ఇంకేమీ చూడలేదు. బట్టలు యూనిఫారమే. ఒక్కటే ఇబ్బంది, ఐదో శ్రుతిలో ఎనిమిదో తరగతి మగపిల్లల గొంతు పైన పగులుతోంది.

హార్మోనియం సారు
నాలుగుకు దించమ్మా. అక్కడా పగిలితే పైస్థాయి ముక్క ఆడపిల్లలకు ఇచ్చి, ‘ఒకటే’ దగ్గర మగపిల్లల్ని కలుపు. ఎండ చరణం చివర వేగం పెంచొద్దు, పిల్లలు పరిగెత్తుతారు.

మూడో బెంచీ
మేడమ్, 26న కార్యక్రమం ఎన్ని గంటలకు? పత్తికొండ నుంచి పొద్దున బస్సుకు వస్తాను.